డచ్ క్రియ ‘క్రైఖెన్’: ‘పొందు’ అని బట్టీ పడితే ఎందుకు పనికిరాదు

అవునండీ, నెదర్లాండ్స్‌లో మీకు తగిలిన ఆ నాలుగు డచ్ మాటలూ ఒకే కుటుంబానివి. సంతలో చీజ్ అమ్మే ఆయన మీతో అన్న "డాన్ క్రైఖ్ ఇక్ ట్వాల్ఫ్ యూరో ఫైఫ్‌టిఖ్ వాన్ యూ", ఆఫీసులో పక్క సీటావిడ స్క్రీన్ చూసి అరిచిన "క్రైఖ్ నౌ వాట్!", పిల్లల స్కూలు ఉత్తరంలో ఉన్న "ఖెక్రేఖెన్", పేపర్లో సైన్యం గురించిన వార్తలో కనబడ్డ "క్రైఖ్స్‌మఖ్ట్", అన్నిటికీ వేరు ఒకటే. డిక్షనరీలో ‘పొందు, అందుకొను’ అని ఉంది, మరి చీజ్ ఆయన నా దగ్గర పన్నెండున్నర యూరోలు ‘పొందడం’ ఏంటి, ఆవిడ ఏం ‘పొందమని’ అరిచింది, సైన్యానికీ పొందడానికీ ఏం సంబంధం అని మీరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ‘పొందు’ అనే అర్థం పట్టుకుని వెళ్తే ఈ క్రియ ఎప్పటికీ సరిగ్గా పట్టుబడదు. మనం రోజూ మాట్లాడే తెలుగులో ‘పొందాను’ అని ఎవరంటారు చెప్పండి? సర్టిఫికెట్ల మీదా, సన్మాన పత్రాల్లోనూ తప్ప.

ముందు రాత, ఉచ్చారణ తేల్చేద్దాం. రాసేటప్పుడు అక్షరాలు కే, ఆర్, ఐ, జె, జి, ఈ, ఎన్. మధ్యలో ఉన్న ఐ, జె రెండూ కలిసి ఒకటే అచ్చు, దాదాపు మన ‘ఐ’. తర్వాతి జి మాత్రం ‘గ’ కాదు. మీరున్న ఐండ్‌హోవెన్ వైపు మెత్తగా పలుకుతారు, ఆమ్‌స్టర్‌డామ్ వైపు వెళ్తే గొంతు గీరినట్టుంటుంది. నేను ‘ఖ’ అని రాస్తున్నా గానీ మన ‘ఖడ్గం’లో ఖ కాదది, గాలి ఒరుసుకుంటూ వచ్చే శబ్దం. చివరి ‘న్’ మాటల్లో చాలామంది మింగేస్తారు, అందుకే మీకు ‘క్రైఖె’ అని వినబడి ఉంటుంది.

ఇక అసలు విషయం. క్రైఖెన్‌కి తెలుగులో సరిపోయే క్రియ కోసం వెతక్కండి, సరిపోయే వాక్యం కోసం వెతకండి. ఆ వాక్యం మన దగ్గర ఉంది, రోజుకి వందసార్లు వాడతాం: ‘నాకు ... వచ్చింది’. నాకు ఉత్తరం వచ్చింది. నాకు జ్వరం వచ్చింది. నాకు అనుమానం వచ్చింది. నాకు నిద్రొస్తోంది. ఆకలేస్తోంది, చలేస్తోంది, ఫైన్ పడింది, దెబ్బ తగిలింది, కూతురు పుట్టింది. వీటన్నిట్లో ‘నేను’ ఏమీ చెయ్యలేదు, ఏదో వచ్చి నా మీద పడింది. తెలుగు ఆ మనిషిని ‘నాకు’ అని పక్కన కూర్చోబెట్టి, వచ్చిపడినదాన్ని కర్త చేస్తుంది. డచ్ దీన్ని తిరగేస్తుంది: మనిషిని తెచ్చి ముందు కర్తగా నిలబెట్టి క్రైఖెన్ తగిలిస్తుంది. నాకు ఉత్తరం వచ్చింది అంటే "ఇక్ క్రేఖ్ ఎన్ బ్రీఫ్". జ్వరమొచ్చింది అంటే "ఇక్ క్రేఖ్ కోర్ట్స్". ఫైన్ పడింది అంటే "ఇక్ క్రేఖ్ ఎన్ బూటె". పక్కింటివాళ్లకి మార్చిలో పాప పుట్టబోతోంది అంటే కూడా ఇదే క్రియ, "జె క్రైఖెన్ ఇన్ మార్ట్ ఎన్ డొఖ్టెర్".

ఇప్పుడు చీజ్ ఆయన దగ్గరికి వద్దాం. ఆయన అన్నది తెలుగులో పెడితే ‘అయితే మీ దగ్గర్నించి నాకు పన్నెండున్నర రావాలి’. అంతే. మన కిరాణా కొట్టాయన కూడా ‘ఇంకా ఇరవై రావాలండి’ అంటాడే గానీ ‘నేను మీ నుండి ఇరవై పొందెదను’ అనడు కదా. బాకీల్లో కూడా ఇదే పద్ధతి. "ఇక్ క్రైఖ్ నోఖ్ టీన్ యూరో వాన్ యె" అని స్నేహితుడు అంటే పది యూరోలు ఇస్తానని చెబుతున్నాడేమో అని సంబరపడకండి, మీరే వాడికి ఇవ్వాలి. వర్తమానంలో ఉన్నా అర్థం మాత్రం ‘రావాలి’. నేను డచ్ చెప్పే మనవాళ్లలో సగం మంది మొదట బోల్తాపడేది ఇక్కడే.

దీని పక్కనే ఉండే జోడీ క్రియ ‘హెబెన్’, అంటే ఉండటం, కలిగి ఉండటం. ఏదైనా మొదలవుతుంటే క్రైఖెన్, మొదలై అక్కడే ఉంటే హెబెన్. "ఇక్ క్రైఖ్ హొంఙర్" అంటే ఆకలి మొదలవుతోంది, "ఇక్ హెప్ హొంఙర్" అంటే ఆకలిగా ఉంది. "ఇక్ క్రైఖ్ హెట్ కౌట్" అంటే చలి పుడుతోంది, "ఇక్ హెప్ హెట్ కౌట్" అంటే చలిగా ఉంది. ఇందులో తేడా మన భాషలో ముందే ఉంది కాబట్టి తెలుగువాడికి ఇది సులువుగా రావాలి, కానీ రాదు, ఎందుకంటే మనం తెలుగు నుంచి నేరుగా డచ్‌లోకి వెళ్లం, మధ్యలో ఇంగ్లిష్‌లో దిగి మళ్లీ ఎక్కుతాం. ఇంగ్లిష్ ‘గెట్’ ఉందే, దాన్నే పట్టుకుని క్రైఖెన్ అనుకుంటాం. అక్కడ పుడతాయి తప్పులన్నీ.

‘గెట్’ చేసే పనుల్లో క్రైఖెన్ చేసేది ఒక వాటా మాత్రమే. కోపం రావడానికి ఇంగ్లిష్‌లో గెట్ వాడతారు, డచ్‌లో "ఇక్ క్రైఖ్ బోస్" అంటే వింటున్నవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. సరైనది "ఇక్ వొర్ట్ బోస్". సూత్రం చాలా తేలిక: తర్వాత వచ్చేది నామవాచకమైతే హెబెన్, క్రైఖెన్ జోడీ. విశేషణమైతే జైన్ (ఉండటం), వొర్డెన్ (అవడం) జోడీ. జ్వరం నామవాచకం, కాబట్టి "కోర్ట్స్ క్రైఖెన్". జబ్బుపడటంలో ‘జీక్’ విశేషణం, కాబట్టి "జీక్ వొర్డెన్". (పైన చెప్పిన చలి వాక్యంలో ‘కౌట్’ విశేషణమే కదా అంటారేమో. అక్కడ ‘హెట్’ అనే చిన్న మాట నామవాచకం స్థానంలో కూర్చుంది, అందుకే నడుస్తుంది. ఆ ‘హెట్’ తీసేసి "ఇక్ బెన్ కౌట్" అంటే చలేస్తోందని కాదు, నా ఒళ్లు చల్లబడిపోయిందన్నట్టు వినిపిస్తుంది.) దుకాణానికెళ్లి పాలు తేవడం ‘హాలెన్’. అర్థమైంది అనడానికి ‘స్నాపెన్’. ఇంటికి చేరడం ‘కోమెన్’. వీటిల్లో ఎక్కడా క్రైఖెన్ పెట్టకూడదు.

అలాగని తెలుగులో ‘నాకు’ కనబడ్డ ప్రతిచోటా క్రైఖెన్ వేసేయకండి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు నచ్చింది, నాకు డచ్ వచ్చు, వీటికి వేరే క్రియలున్నాయి, ఎందుకంటే ఇక్కడ కొత్తగా ఏదీ వచ్చి పడటం లేదు. ‘వచ్చి పడటం’ ఉందా లేదా అన్నది చూసుకోండి, తొంభై శాతం పని అయిపోతుంది. మిగతా పది శాతం వింటూ వింటూ పట్టుబడాల్సిందే.

ఇంకో వాడుక ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. "ఇక్ క్రైఖ్ డె డోర్ నీట్ ఓపెన్" అంటే తలుపు నాకు తెరుచుకోవడం లేదు. ఎంత గుంజినా రావట్లేదని భావం. ఇక్కడ మాత్రం కర్త చెమటోడ్చి ప్రయత్నిస్తున్నాడు, ఫలితం చేతికి రావడం లేదు. "ఇక్ క్రైఖ్ హెట్ నీట్ అఫ్" అంటే పని పూర్తిచెయ్యలేకపోతున్నా. ఎవరింటికైనా భోజనానికి వెళ్లి పళ్లెంలో ఉన్నది తినలేకపోతే "ఇక్ క్రైఖ్ హెట్ నీట్ ఒప్" అనండి, ఎవరూ నొచ్చుకోరు. ఏదైనా పని కుదిర్చేశారంటే "ఫోర్ ఎల్కార్ క్రైఖెన్", ఒక విద్య బాగా వంటబడితే "ఒండెర్ డె క్నీ క్రైఖెన్", అంటే మోకాలి కిందకి తెచ్చుకోవడం, కుస్తీలో ప్రత్యర్థిని తొక్కిపట్టినట్టు. ఈ వాడుకలో ఉన్న శ్రమ ఎక్కడిదో కిందకి వెళ్తే తెలుస్తుంది, వ్యుత్పత్తి దగ్గర చెబుతా.

వ్యాకరణం ఇష్టమున్నవాళ్లకి ఒక ముక్క. నాకు పుస్తకం పంపారు అనే విషయాన్ని కర్మణిలో చెప్పాలంటే ఇంగ్లిష్‌లో ‘నేను’ కర్త కావచ్చు. డచ్‌లో మామూలు కర్మణి, అంటే వొర్డెన్‌తో వచ్చేది, దీన్ని ఒప్పుకోదు. అక్కడ పుస్తకం మాత్రమే కర్త కాగలదు, పుచ్చుకున్నవాడు కాలేడు. పుచ్చుకున్నవాడిని ముందుకి తేవాలంటే క్రైఖెన్‌ని పిలవాలి: "ఇక్ క్రేఖ్ ఎన్ బూక్ టూఖెస్ట్యూర్ట్". ఉద్యోగం మానేసేటప్పుడు హెచ్.ఆర్. వాళ్లు మీతో అనే మాట, "యె క్రైఖ్ట్ యె వకాన్సీడాఖెన్ ఔట్‌బెటాల్ట్", ఇదే నిర్మాణం, వాడుకోని సెలవులకి డబ్బు కట్టిస్తారని. ఆ క్రియకే మళ్లీ కర్మణి రూపం ఉండదు. ఉత్తరం ‘పొందబడింది’ అన్నట్టు డచ్‌లో రాయడానికి ప్రయత్నిస్తే మాష్టారు ఎర్రపెన్ను తీస్తారు.

రూపాల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఇక్ క్రైఖ్, యె క్రైఖ్ట్, హై క్రైఖ్ట్, బహువచనంలో అందరికీ క్రైఖెన్. ప్రశ్నలో ‘యె’ వెనక్కి వెళ్తే ‘ట్’ రాలిపోతుంది, "క్రైఖ్ యె?" అని. భూతకాలం ఏకవచనం క్రేఖ్, బహువచనం క్రేఖెన్. ‘క్రే’లో ఉన్న అచ్చుకి ఇంగ్లిష్ ‘e’ అక్షరాన్ని మొదటిదాంట్లో రెండుసార్లు, రెండోదాంట్లో ఒక్కసారే రాస్తారు, శబ్దం ఒకటే. మూడో రూపం ఖెక్రేఖెన్, దానికి తోడు ఎప్పుడూ హెబెన్, జైన్ రాదు. స్ఖ్రైవెన్ (రాయడం), బ్లైవెన్ (ఉండిపోవడం), కైకెన్ (చూడటం) కూడా భూతకాలంలో ఇదే దారిలో నడుస్తాయి: స్ఖ్రేఫ్, బ్లేఫ్, కేక్. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే.

ఇప్పుడు యుద్ధం. పాత డచ్ సాహిత్యం మనకి ఎక్కువగా దొరికే కాలం, అంటే 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా, ఈ క్రియని సీ అక్షరంతో ‘క్రిఖెన్’ అని రాసేవారు. ఆ రోజుల్లో దాని అర్థాల్లో పెనుగులాడటం, పోరాడటం, పట్టుదలగా ప్రయత్నించడం ముఖ్యమైనవి. నామవాచకం ‘క్రైఖ్’ అంటే యుద్ధం. జర్మన్ వాళ్ల ‘క్రీక్’ ఇదే మాట. ప్రాచీన జర్మన్‌లో దీని పూర్వరూపానికి మొండిపట్టు అని అర్థం. డేనిష్, స్వీడిష్ భాషల్లో యుద్ధానికి వాడే ‘క్రిగ్’ కూడా ఉత్తర జర్మనీ మాండలికాల నుంచి వ్యాపారులతో పాటు ఎక్కినదే. ఇంగ్లిష్‌లో మాత్రం దీనికి చుట్టం లేదు, అందుకే ఇంగ్లిష్ మీదుగా వచ్చేవాళ్లకి ఈ మాట పరాయిగా కనిపిస్తుంది.

పోరాడటం నుంచి ఒంట్లో చలి పుట్టడం దాకా ఎలా వచ్చింది? మెట్లు వేసుకుంటూ వచ్చింది. మొదట పోరాడటం, తర్వాత పోరాడి దక్కించుకోవడం, తర్వాత ఎలాగోలా దక్కించుకోవడం, ఆఖరికి ఊరికే కూర్చుని ఉన్నా వచ్చిపడటం. పై మెట్టు మీద శ్రమ పూర్తిగా ఆవిరైపోయింది. కానీ మధ్య మెట్లు చెరిగిపోలేదు. తెరుచుకోని తలుపు వాక్యంలో కనిపించిన పెనుగులాట ఆ పాతదాన్నే గుర్తుచేస్తుంది. "ఇక్ క్రైఖ్ యె నోఖ్ వెల్!" అంటే ‘నువ్వు నాకు దొరక్కపోవులే, నీ పని చెబుతా’ అని బెదిరింపు, ఇందులో పట్టుకోవడం ఉంది. పిల్లలు ఒకరినొకరు తరుముకుని ముట్టుకునే ఆటకి ‘క్రైఖెర్‌ట్యె’ అని పేరు (టికెర్‌ట్యె అని కూడా అంటారు). తమాషా ఏంటంటే, ఎవరో ఊరికే ఇచ్చిన పాత సోఫాని కూడా క్రైఖెర్‌ట్యె అనే అంటారు. ఒకే మాటలో పరిగెత్తి పట్టుకునేదీ, కదలకుండా ఇంటికొచ్చేదీ రెండూ ఉన్నాయి.

యుద్ధం అనే నామవాచకం విడిగా ఇప్పుడు మాటల్లో వినపడదు. మామూలు మాట ‘ఓర్లొఖ్’: స్పెయిన్‌తో 1568 నుంచి 1648 దాకా జరిగిన ఎనభై ఏళ్ల యుద్ధం కూడా ఓర్లొఖే, రెండో ప్రపంచ యుద్ధమూ ఓర్లొఖే. క్రైఖ్ మాత్రం సమాసాల్లో దర్జాగా బతుకుతోంది. మీరు చదివిన క్రైఖ్స్‌మఖ్ట్ అంటే సాయుధ బలగాలు, డచ్ రాజ్యాంగం 97వ అధికరణలో వాడిన అధికారిక పదం అదే. యుద్ధఖైదీ క్రైఖ్స్‌ఖెవాంఙెనె. సైనిక న్యాయస్థానం క్రైఖ్స్‌రాట్. 1637లో అచ్చయిన డచ్ బైబిలు, స్టాటెన్‌వెర్టాలింగ్ అంటారు దాన్ని, అందులో ఈ వేరు అడుగడుగునా తగులుతుంది. మన తెలుగు బైబిలు నిర్గమకాండము 15:3లో ‘యెహోవా యుద్ధశూరుడు’ అని ఉంటుంది కదా, అక్కడ డచ్‌లో ఉన్న మాట ‘క్రైఖ్స్‌మాన్’. అదే శతాబ్దంలో మచిలీపట్నం, భీమునిపట్నంలో బట్టల వ్యాపారం చేసిన డచ్ కంపెనీ గుమాస్తాలు లెక్కల్లోనూ ఉత్తరాల్లోనూ రాసిన క్రియా ఇదే, కే బదులు సీ పెట్టేవారు, అంతకంటే పెద్ద తేడా లేదు. దక్షిణాఫ్రికాకి వెళ్లిన డచ్ అక్కడ ఆఫ్రికాన్స్ అయ్యాక క్రైఖెన్ అరిగి అరిగి ‘క్రై’ అయి కూర్చుంది.

జర్మన్ వచ్చినవాళ్లకి ఒక హెచ్చరిక. జర్మన్‌లో ‘క్రీగెన్’ కాస్త నాటు మాట, బడిలో ‘బెకొమెన్’ వాడమంటారు. డచ్‌లో అలాంటి తక్కువతనం ఏమీ లేదు, మంత్రి కూడా క్రైఖెన్ అనే అంటాడు. పైగా డచ్‌లో ‘బెకోమెన్’ అంటే వేరే: తిన్నది ఒంటికి పట్టడం, షాక్ నుంచి తేరుకోవడం. రెండిటినీ కలపకండి.

ఇక మీ పక్క సీటావిడ. "క్రైఖ్ నౌ వాట్" అంటే మాటకి మాట ‘ఇప్పుడు నీకేదో ఒకటి రాను!’. ఏదో ఒకటి అంటే రోగం. కంగారుపడకండి, మిమ్మల్ని తిట్టలేదు, ఆశ్చర్యపోయింది, మనం ‘ఓర్నాయనో’ అన్నట్టు. కానీ దీని పుట్టుక తిట్లలోనే. డచ్ వాళ్ల తిట్లు విచిత్రంగా రోగాల చుట్టూ తిరుగుతాయి: టైఫాయిడ్ రాను (క్రైఖ్ డె టీఫుస్), కలరా రాను (క్రైఖ్ డె క్లేరె), క్షయ రాను (క్రైఖ్ డె టేరింగ్), ప్లేగు, మశూచి, అన్నీ ఉన్నాయి. తెలుగువాళ్లకి ఇది ఇంగ్లిష్ వాళ్లకి తోచినంత వింతగా తోచకూడదు. ‘నీకు మాయరోగం రాను’, ‘నిన్ను అమ్మోరు ఎత్తుకుపోను’ అని మన ఊళ్లలో పెద్దవాళ్లు ముద్దుగానూ కోపంగానూ అనేది ఇదే బాణీ. మనం ‘రాను’ అని శాపనార్థపు రూపం వాడతాం, వాళ్లు ఆజ్ఞార్థకం వాడతారు. మామూలుగా క్రైఖెన్‌కి ఆజ్ఞార్థకం కుదరదు, వచ్చిపడేదాన్ని తెచ్చుకోమని ఎవరికి ఆజ్ఞాపిస్తాం? అందుకే డచ్‌లో వాక్యం ‘క్రైఖ్’తో మొదలై తర్వాత ‘డె’ వినబడితే దాదాపుగా అది తిట్టే. వీటిల్లో క్యాన్సర్ పేరుతో ఉన్న తిట్టు అక్కడివాళ్లే సహించరు, సరదాకి కూడా నోట్లోంచి రానివ్వకండి. "వాట్ క్రైఖెన్ వె నౌ!" మాత్రం నిరపాయమైనది, ‘ఇదేం గోల ఇప్పుడు!’ అని. పిల్లలు గోడ మీద రంగులు పూస్తే హాయిగా వాడుకోవచ్చు.

ముందు ఏదో ఒక ముక్క తగిలించుకున్న క్రైఖెన్‌లు చాలా ఉన్నాయి. టెరుఖ్‌క్రైఖెన్ అంటే తిరిగి రావడం, పన్ను ఆఫీసు నుంచి మీకు వెనక్కి వచ్చే డబ్బుకి ఇదే. డోర్‌క్రైఖెన్ అంటే మోసమో కిటుకో పసిగట్టడం. మేక్రైఖెన్ అంటే ఒక సంగతి చెవిన పడటం, మీటింగ్‌లో మీరు వేరే ధ్యాసలో ఉన్నప్పుడు "హెబ్ యె డాట్ మేఖెక్రేఖెన్?" అని అడుగుతారు. వీటిల్లో ముక్క విడిపోతుంది, ‘ఖె’ మధ్యలో దూరుతుంది. వెర్‌క్రైఖెన్ ఒక్కటి విడిపోదు, ‘ఖె’ని కూడా రానివ్వదు: వెర్‌క్రేఖ్, వెర్‌క్రేఖెన్. ఇది కాగితాల మాట, పౌరసత్వం, అనుమతి, హక్కు లాంటివాటికి వాడతారు. ఎట్టకేలకు ఇక్కడ మీ డిక్షనరీ చెప్పిన ‘పొందు’ సరిగ్గా అతుకుతుంది, పొడి పొడిగా, ఆఫీసు వాసనతో. దుకాణం గోడ మీద ‘వెర్‌క్రైఖ్‌బార్’ అని ఉంటే ఆ సరుకు దొరుకుతుందని.

చివర్లో అడిగారు, మెయిల్ అందింది అని రాయడానికి క్రైఖెన్ వాడాలా ‘ఒంట్‌వాంఙెన్’ వాడాలా అని. రెండోది మర్యాదగా, కాస్త బిగుసుకుని ఉంటుంది. దరఖాస్తు, చెల్లింపు, రసీదు లాంటివాటికి ఒంట్‌వాంఙెన్ రాయండి. టీమ్‌లో వాళ్లకైతే "హెబ్ యె మైన్ మెయిల్ ఖెక్రేఖెన్?" చాలు. అక్కడ ఒంట్‌వాంఙెన్ రాస్తే తప్పేం కాదు గానీ, మేనేజర్‌కి కాపీ పెట్టి గొడవకి సిద్ధమవుతున్నారేమో అనుకుంటారు.